రెండొందల కాయితం

మా అత్తకు కూపనంటే గాసునూనె కూపనే.
డీలర్ ముంగట డబ్బా వరుసల వెట్టి
దాని మీద చెప్పు వెట్టి
తను పోయి నీడకు కూసునేది.
నాకు కూపనంటే
ఆదివారం పేపర్ల మూడో పేజీ అడుగున
చుక్కల గీత.

కత్తెర మా ఆయనది, దర్రీ అంచులు కోసేది.
కాయితానికి వెడితే మొద్దు వారుతదని తిడుతడు.
అందుకే ఆయన మగ్గం మీదున్నప్పుడు కోస్త,
ఆ చప్పుడు ఆగేలోపల.
ఈసారి వెనకవైపు ఎవరిదో దశదినకర్మ ఫొటో.
గీత వెంబడి పోతే
పెద్దమనిషికి ఒక చెవి, సగం మీసం మిగిలినయి.
మాఫ్ చెయ్యి తాతా అనుకొని
పసుపు డబ్బా కింద పెట్టిన.

రెండువేల సామాను కొంటే
రెండొందలు తక్కువ.
పదో తారీఖు దాకనే.

వాళ్ల లెక్క వాళ్లకుంటే నా లెక్క నాకుంది.
పిల్ల పాత సైన్సు నోట్సు వెనక పేజీలల్ల
నూనె, కందిపప్పు, చాపత్త
ఏ నెలకు ఆ నెల ధర రాస్త.
నూటడెబ్బై కొట్టేసి నూటనలభై అని
ఎర్రగ రాసిన పప్పు
పోయిన నెల ఏ కొట్టివేతా లేకుండనే
నూటముప్పై ఎనిమిది.
ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న బిస్కెట్లు
రెండు కలిపి చేతిల పట్టుకుంటే
పాత ఒక్కదానంత బరువు.
నవ్వుకుంట ముందుకు పోత.
సబ్బుల కాడ మాత్రం నవ్వలే.
అక్కడ నిజంగనే తక్కువ. నాలుగు తీసుకున్న.

పదో తారీఖు, పొద్దుగూకినంక, కౌంటర్ కాడ
మిషను కూసి కూసి ఆగింది.
పదమూడొందల నలభై.
నెలకు సరిపోను అన్నీ వచ్చినయి.
ఇంకో ఆరొందల అరవైకి ఏం కొనాలె?
రెండొందలు మిగిలించుకోనీకి
ఆరొందలు పారేసుకునే తెలివి
మా కొత్తవాడల ఇంకా ఎవ్వరికి రాలే.

"కూపన్ నడవదక్కా" అన్నడు పిలగాడు.

వెనకనుంచి నల్ల బురఖా, చంకల గోధుమపిండి:
"నాది ఏడొందలైతదేమో చూడు బేటా,
రెండు కలిపి కొట్టు."
తిరిగి చూసిన.
ఆమె నన్ను చూస్తలేదు, కాయితాన్ని చూస్తున్నది,
నేనెట్ల చూస్తనో అట్లనే.

ఏడొందల పది.
నేను నా పదమూడొందల నలభై ఇచ్చిన,
మిగిలింది ఆమె కట్టింది.

బయట మెట్ల మీద సంచులు గుమ్మరించి
ఎవరి సబ్బులు ఎవరివో ఏరుకున్నం.
వాళ్లది మండిబజార్, పేరు మెహరున్నిసా,
అచార్ పెట్టి సీసాలల్ల అమ్ముతదట.
"కాయితం నీది. నూటయాభై నువ్వే తీస్కో."
"నువ్వు లేకుంటే అది
సగం మీసం తాత ఫొటోనే కద."
"సామాను నీది ఎక్కువ."
"అక్కర నీది ఎక్కువ, పిండి మొయ్యలేక మోస్తున్నవు."
ఇట్ల తెగదని చెప్పిన:
మా దర్రీకి పడుగు తెల్లనూలు, పేక రంగునూలు.
పడుగు లోపల దాసుకుంటది, ఎవ్వరికి కనవడది.
కొనేటోళ్లు ఎరుపు బాగుందని పేకనే మెచ్చుకుంటరు.
ఏది ఎంతకు అమ్ముడువోయిందో
ఇన్నేండ్లకు మా ఆయననే చెప్పలేడు.

ఆమె కాసేపు పిండి సంచి మీద చెయ్యేసి కూసున్నది.
"అయితే సగం సగం."
వంద నోటు నా చేతిల పెట్టి
పర్సుల నుంచి ఇంకో కాయితం తీసింది,
ఉర్దూ అక్షరాలు, అదే చుక్కల గీత.
"మా పేపర్ల గూడ పడ్తయి, వేరే దుకాణానివి.
ఇరవై తారీఖు దాకుంది. వస్తవా?"
ఆమె నంబరు
మెహరున్నిసా రెండువేలు అని దాసుకున్న.

ఇంటికొచ్చేసరికి మగ్గం ఆగి ఉంది.
"కత్తెర ఎవరు ముట్టిండ్రు?"
వందల నుంచి ముప్పై తీసి ఆయన ముందు పెట్టిన.
"పోయి సాన పట్టిచ్చుకరా.
ఇరవై తారీఖులోపల మళ్ల గావాలె."